డాబా మీద ఆరంగుళాల అద్దం

కొండ మీద గుమ్మటం అక్కర్లేదు. గొట్టం అడుగున ఒక పుటాకార దర్పణం, దాని కింద వణకని పీట ఉంటే చాలు, శని వలయాలు మన మేడ మీదికే వస్తాయి. న్యూటన్ చేతి నుంచి ఒక రామకృష్ణ సంఘం సాధువు చేతిదాకా నడిచి, మామూలు మనుషుల ఇళ్లకు చేరిన రిఫ్లెక్టర్ టెలిస్కోపు మీద ఈ వారం ముఖచిత్ర కథనం.

వైశాఖమాసం పెళ్లిళ్లలో పురోహితుడు వధూవరుల్ని పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి ఉత్తరం వైపు వేలు చూపిస్తాడు. పగటి ముహూర్తమైతే ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, రాత్రిదైతే ఫ్లడ్‌లైట్ల వెలుతురులో కళ్లు చికిలించుకుని ఇద్దరూ తలాడిస్తారు. అరుంధతి కనిపించిందా అంటే కనిపించిందనే చెబుతారు. నిజానికి ఆ జంట నక్షత్రాల్ని చూడటానికి వైశాఖ జ్యేష్ఠాలను మించిన కాలం లేదు. రాత్రి తొమ్మిది దాటేసరికి సప్తర్షి మండలం ఉత్తరాన బాగా పైకొచ్చి ఉంటుంది. తోకలోని మూడు చుక్కల్లో నడిమిది వశిష్ఠుడు, ఆయన్ను ఆనుకుని మసగ్గా అరుంధతి.

ఆరంగుళాల టెలిస్కోపును అటు తిప్పి, 48 రెట్లు పెద్దది చేసే ఐపీస్ (కన్ను ఆనించి చూసే చిన్న లెన్సు) పెట్టి చూస్తే వశిష్ఠుడే రెండుగా విడిపోతాడు. ఒకటి కాస్త పెద్దది, ఒకటి కాస్త చిన్నది, రెండూ తెల్లగా పక్కపక్కనే నిలబడి ఉంటాయి. మా పక్కింటి పెద్దమ్మగారు ఐపీస్ మీదికి వంగి చాలాసేపు చూశారు.

“ఇదేంటి బాబూ, వశిష్ఠుడు ఇద్దరున్నారు! మరి అరుంధతి ఏదీ?”

“అదిగో పెద్దమ్మగారూ, కొంచెం ఎడంగా ఉన్న మూడో చుక్క.”

“మా పెళ్లప్పుడు నాకేమీ కనపళ్లేదయ్యా. ఉన్నదని అనేశాను” అన్నారావిడ, కన్ను తీయకుండానే.

గెలీలియో శిష్యుడు కాస్తెల్లీ 1617లో ఇటలీలో మొదట గమనించిన జంట అది. ఆ రెండిట్లో ప్రతిదీ మళ్లీ ఒక జంటేనని, అరుంధతి కూడా జంట నక్షత్రమేనని తర్వాతి కాలపు పరికరాలు తేల్చాయి. మొత్తం ఆరు సూర్యులు. అవి మనకు ఎనభై కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. మామూలు కంటికి ఒకటిన్నర చుక్కలా కనిపించేదాన్ని ఇలా విప్పి చూపించే పరికరం ఇంట్లో చేసుకోదగ్గంత సులువైనదని, కొనుక్కున్నా అందుబాటులోనే ఉంటుందని చాలామందికి తెలియదు. తెలియాలనే ఈ కథనం.

అద్దం ఎందుకు?

టెలిస్కోపు అసలు పని దూరపువాటిని పెద్దవి చేయడం కాదు, వెలుగు పోగుచేయడం. చీకట్లో మన కంటిపాప విచ్చుకున్నా ఏడు మిల్లీమీటర్లకు మించదు. 150 మిల్లీమీటర్ల అద్దం దానికంటే 450 రెట్లు ఎక్కువ వెలుగును పట్టి, కంటిపాపలో పట్టేంత సన్నటి ధారగా మార్చి లోపలికి పంపుతుంది. మసక నెబ్యులా కనిపించేది అందుకే.

ఆ వెలుగును లెన్సుతోనూ పోగుచేయొచ్చు. గెలీలియో చేసిందదే. కానీ గాజులోంచి వెళ్లిన వెలుగు రంగులుగా చీలి, ఒక్కో రంగు ఒక్కోచోట కేంద్రీకృతమవుతుంది. చంద్రుడి అంచున ఊదారంగు అంటుకుంటుంది. అద్దానికి ఆ బాధ లేదు. అన్ని రంగుల్నీ ఒకే కోణంలో వెనక్కి తిప్పుతుంది. ఇంకో మేలు డబ్బుకు సంబంధించింది. మంచి లెన్సుకు కనీసం రెండు గాజులు, నాలుగు ముఖాలు నున్నగా చెక్కాలి, గాజులో చిన్న బుడగ కూడా ఉండకూడదు. అద్దానికి ఒక్క ముఖం చెక్కితే చాలు. వెలుగు గాజులోకి వెళ్లనే వెళ్లదు కాబట్టి లోపల ఏమున్నా ఫర్వాలేదు. అంగుళానికి ఇంత అని లెక్కేస్తే రిఫ్లెక్టర్ అంత చవకైన టెలిస్కోపు మరొకటి లేకపోవడానికి కారణం ఇదే.

స్కాట్లండు గణితవేత్త జేమ్స్ గ్రెగరీ 1663లోనే అద్దాల టెలిస్కోపును కాగితం మీద గీశాడు గానీ, దాన్ని చెక్కి ఇవ్వగల పనివాడు ఆయనకు దొరకలేదు. న్యూటన్ పనివాణ్ని వెతకలేదు. రాగి, తగరం కలిపి తనే పోత పోసి, తనే రుద్ది, 1668లో మొదటిది తయారుచేశాడు. దాని పొడవు జానెడు లేదు, అద్దం వెడల్పు అంగుళంపావు. అడుగున ఉన్న పుటాకార దర్పణం వెలుగును పైకి తిప్పితే, మధ్యలో ఏటవాలుగా ఉన్న చిన్న సమతల దర్పణం దాన్ని గొట్టం పక్కనుంచి బయటికి పంపుతుంది. నేటికీ బజారులో దొరికే న్యూటోనియన్ రిఫ్లెక్టర్ అమరిక అదే, చుక్క మారలేదు. 1671 చివర్లో రెండోది రాయల్ సొసైటీకి పంపితే, 1672 జనవరిలో ఆయన్ను సభ్యుడిగా ఎన్నుకున్నారు.

పెరట్లో దొరికిన గ్రహం

టెలిస్కోపు చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇంగ్లండులోని బాత్ ఊళ్లో న్యూ కింగ్ స్ట్రీట్ 19వ నంబరు ఇంటి పెరడు. అక్కడ అద్దెకుండిన విలియం హెర్షెల్ వృత్తిరీత్యా సంగీతకారుడు. పగలు పాఠాలు, సాయంత్రం కచేరీలు, రాత్రి ఆకాశం. కొనగలిగిన టెలిస్కోపులు నచ్చక తనే లోహపు అద్దాలు పోత పోసుకుని రుద్దడం మొదలుపెట్టాడు. చివరి మెరుగు పెట్టేటప్పుడు చెయ్యి ఆపితే అద్దం పాడవుతుంది. అందుకని ఒక్కోసారి పదహారు గంటలు ఏకబిగిన రుద్దేవాడు. చెల్లెలు కరోలిన్ పక్కన కూర్చుని నోట్లో ముద్దలు పెడుతూ, విసుగు తెలియకుండా డాన్ క్విక్సోట్, అరేబియన్ నైట్స్ చదివి వినిపించేది. ఆవిడే తర్వాత ఎనిమిది తోకచుక్కలు కనిపెట్టింది.

1781 మార్చి 13 రాత్రి పది దాటాక, ఆ పెరట్లో, తను రుద్దుకున్న ఆరంగుళాల పైచిలుకు అద్దంతో హెర్షెల్ ఒక చుక్క దగ్గర ఆగాడు. మిగతావి సూదిమొనల్లా ఉంటే అది చిన్న బిళ్లలా ఉంది. తోకచుక్క అనుకున్నాడు. అది యురేనస్. మనిషికి చరిత్రలో కొత్తగా దొరికిన మొదటి గ్రహం. సౌరకుటుంబం మేర ఒక్కసారిగా రెట్టింపైంది. ఆ అద్దం కొలత ఈనాడు హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక కుర్రాడు డాబా మీద పెట్టుకునే టెలిస్కోపు కొలతే. పైగా హెర్షెల్ లోహపు అద్దం తన మీద పడ్డ వెలుగులో పెద్ద భాగాన్ని మింగేసేది, కొన్నాళ్లకే చిలుం పట్టి మళ్లీ రుద్దుడు కోరేది. నేటి కుర్రాడి అద్దం అంతకంటే ఎంతో మెరుగైనది.

అరచేతులతో చెక్కే కొలత

లోహపు అద్దాల బెడద తీర్చినవాడు ఫ్రాన్సు శాస్త్రవేత్త లియాన్ ఫూకో. 1850ల చివర్లో ఆయన గాజును చెక్కి, దానిమీద పలుచగా వెండి పూశాడు. పూత నల్లబడితే కడిగేసి మళ్లీ పూస్తే సరి, గాజు ఆకారం చెక్కుచెదరదు. ఇరవయ్యో శతాబ్దంలో వెండి స్థానంలోకి అల్యూమినియం వచ్చింది. అద్దాన్ని ఇంట్లో చెక్కుకోవడం సాధ్యమైంది కూడా ఫూకో దారి చూపినందువల్లే.

చెక్కడం ఎలాగో దగ్గరగా చూస్తే ఆశ్చర్యమేస్తుంది. ఒకే కొలత గుండ్రటి గాజు బిళ్లలు రెండు తీసుకుని, ఒకదాన్ని పీపా మీద కదలకుండా బిగిస్తారు. దానిమీద నీళ్లు, గరుకు కార్బోరండం పొడి చల్లి, రెండోదాన్ని పైన బోర్లించి రెండు చేతులతో ముందుకూ వెనక్కూ తోస్తారు. కొన్ని తోపుళ్లకోసారి పై బిళ్లను కొంచెం తిప్పుతారు, తామూ పీపా చుట్టూ ఒక అడుగు జరుగుతారు. మొదట్లో కరకరమని చెవులు గింగిరాలెత్తే చప్పుడు. పొడి నలిగేకొద్దీ అది బుసబుసగా మారుతుంది. అప్పుడు కడిగి కొత్త పొడి వేయాలి. పై బిళ్ల అంచు దాటి బయటికి వచ్చినప్పుడల్లా బరువంతా దాని నడిమి భాగం మీద పడుతుంది. అలా పైది గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది. ఎటు తోసినా, ఎలా తిప్పినా ఒకదానికొకటి అతుక్కునే ఆకారం గోళం ఒక్కటే కాబట్టి, వంకరటింకర చేతుల కింద కూడా గోళాకారమే తయారవుతుంది. యంత్రం చేయాల్సిన పనిని మనిషి అలసట, తడబాటు, చేతివాటం అన్నీ కలిసి ఒకదాన్నొకటి సరిచేసుకుంటూ చేసిపెడతాయి. ఈ ఒక్క సంగతి తెలిసినప్పుడు ఈ విద్య మీద నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు.

ఆరంగుళాల వెడల్పు, 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరం (అద్దం నుంచి వెలుగు ఒక్కచోట చేరే బిందువు దాకా దూరం) ఉన్న అద్దంలో నడిమి లోతు 1.2 మిల్లీమీటర్లు. ఇంతా చేస్తే అంతే. పొళ్లు సన్నబరుస్తూ పోయి, ఆఖర్న గట్టి కీలు మీద సీరియం ఆక్సైడుతో మెరుగు పెడతారు. ఇక మిగిలింది గోళాన్ని పరావలయంగా మార్చడం. నడిమి నుంచి అంచుకు ఆ రెండు ఆకారాల మధ్య తేడా మిల్లీమీటరులో సుమారు మూడున్నర వేలో వంతు. పూర్తయ్యాక ఉపరితలంలో హెచ్చుతగ్గులు 70 నానోమీటర్లు దాటకపోతే అది మంచి అద్దం. వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతన్నమాట.

అంత సన్నటి తేడాను ఇంట్లో కొలవడానికి ఫూకోయే ఉపాయం చెప్పాడు, 1858లో. చీకటిగదిలో అద్దాన్ని నిలబెట్టి, రెండు మీటర్ల నలభై సెంటీమీటర్ల దూరంలో సూదిబెజ్జమంత దీపం, దాని పక్కనే ఒక రేజరు బ్లేడు పెట్టాలి. తిరిగొచ్చే వెలుగు ఒక్కచోట చేరే బిందువును బ్లేడు అంచుతో నెమ్మదిగా కోస్తూ, వెనకనుంచి కన్ను పెట్టి చూడాలి. నున్నగా ఉందనుకున్న అద్దం మీద నీడలు లేస్తాయి, గుట్టలూ పల్లాలూ బయటపడతాయి. బొటనవేలిని అద్దానికి కొన్ని సెకన్లు ఆనించి తీసి మళ్లీ చూస్తే, వేలి వేడికి గాజు ఉబ్బినచోట ఒక బొడిపె లేచి కనిపిస్తుంది. చూస్తుండగానే మెల్లగా చల్లారి అణిగిపోతుంది. చేతి వేడికి గాజు వ్యాకోచించడం కంటితో చూడగలిగే చోటు నాకు తెలిసి ఇదొక్కటే. పుణెలోని ఖగోళ పరిశోధన కేంద్రం ఐయూకా వంటి సంస్థలు ఔత్సాహికులకు ఈ విద్య నేర్పే శిబిరాలు పెడుతూ వచ్చాయి.

వీధిలోకి తెచ్చిన సాధువు

అద్దం చవకైనా దాన్ని నిలబెట్టే స్టాండు చాలాకాలం ఖరీదుగానే ఉండిపోయింది. బరువైన ఇనుప మౌంటు, గేర్లు, తూకపు గుండ్లు. ఆ భారం దించినవాడు జాన్ డాబ్సన్. 1915లో బీజింగులో పుట్టి, కాలిఫోర్నియాలో కెమిస్ట్రీ చదివి, 1944లో శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీ ఆశ్రమంలో చేరాడు. అది రామకృష్ణ సంఘానికి చెందింది. విశ్వం ఎలాంటిదో తెలుసుకోవాలని వచ్చిన మనిషి ఆకాశాన్ని నేరుగా చూడాలనుకున్నాడు. చేతిలో పైసా లేదు. ఓడ కిటికీలకు వాడే మందపాటి గాజు సంపాదించి అద్దంగా రుద్దాడు. గొట్టానికి అట్ట, పెట్టెకు ప్లైవుడ్ వాడాడు. తను చూసిన చంద్రుణ్ని అందరూ చూడాలనిపించింది. రాత్రిళ్లు టెలిస్కోపును చక్రాల మీద తోసుకుంటూ వీధుల్లోకి వెళ్లి దారినపోయేవాళ్లకు చూపించేవాడు. ఆశ్రమ జీవితానికీ ఈ తిరుగుళ్లకూ పొసగలేదు. 1967లో బయటికి రావాల్సి వచ్చింది. మరుసటి ఏడే శాన్‌ఫ్రాన్సిస్కోలో కాలిబాట ఖగోళ బృందం మొదలైంది.

ఆయన స్టాండు చెప్పుకోవాలంటే రెండు చెక్కపెట్టెలు. కింది పీట గుండ్రంగా తిరుగుతుంది, పైదాంట్లో గొట్టం ఎత్తుకూ వాలుకూ కదులుతుంది. రాపిడి దగ్గర టెఫ్లాన్ ముక్కలు. వేలితో నెడితే జరుగుతుంది, వదిలితే అక్కడే ఆగుతుంది. గేరు లేదు, మోటారు లేదు. ఊళ్లో వడ్రంగి ఒక పూటలో చేసివ్వగలడు. దీనికి డాబ్సన్ పేటెంటు తీసుకోలేదు. పాతకాలపు ఫిరంగుల్ని నిలబెట్టిన పద్ధతే కదా ఇది అనేవాడు. ఈరోజు ప్రపంచమంతా డాబ్సోనియన్ అని పిలిచి అమ్ముకుంటున్నది ఆ చెక్కపెట్టెనే. వేదాంతం కోసం ఇల్లు వదిలిన మనిషి 2014లో పోయేదాకా కాలిబాటల మీద జనానికి శనిని చూపిస్తూనే ఉన్నాడు. నన్నడిగితే ఖగోళశాస్త్రాన్ని జనంలోకి తెచ్చినవాళ్లలో ఆయన తర్వాతే ఎవరైనా.

మన గడ్డ మీద

ఇంటి ఆవరణలో ఆకాశం చూసే అలవాటు తెలుగువాళ్లకు కొత్త కాదు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలోనే సొంత ఖర్చుతో ఇంటి దగ్గర వేధశాల పెట్టుకున్నారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు దాన్ని నిలబెట్టి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్ని అక్కణ్నుంచే పరిశీలించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఇంగ్లండు నుంచి పదిహేనంగుళాల టెలిస్కోపు తెప్పించారు. అదే తర్వాత బేగంపేటలో నిజామియా వేధశాల అయింది. ఇవన్నీ లెన్సు టెలిస్కోపులు. మన దగ్గరికి పెద్ద అద్దం 1960ల చివర్లో వచ్చింది, రంగారెడ్డి జిల్లా జపాల్-రంగాపూర్‌లో పెట్టిన 48 అంగుళాల రిఫ్లెక్టర్. బేగంపేట ఆకాశాన్ని నగరం దీపాలు మింగేశాయని అంతదూరం వెళ్లారు. ఇప్పుడు ఆ దీపాలు అక్కడికీ పాకాయి. నిజామియాలో పనిచేసిన తండ్రి పక్కన ఆకాశం చూస్తూ పెరిగిన వేణు బప్పు పేరే తమిళనాడు కావలూరులోని 2.3 మీటర్ల రిఫ్లెక్టర్‌కు పెట్టారు.

కొనేముందు

పెట్టె మీద 525 రెట్లు, 675 రెట్లు అని పెద్దక్షరాలతో రాసి ఉంటే ఆ పెట్టెను అక్కడే పెట్టేయండి. ఎన్ని రెట్లన్నది ఐపీస్ మార్చి ఎంతైనా పెంచొచ్చు. 1200 మిల్లీమీటర్ల నాభ్యంతరాన్ని ఐపీస్ నాభ్యంతరంతో భాగిస్తే వచ్చేదే అది. 25 మిల్లీమీటర్లదైతే 48, పదిదైతే 120. ఆరంగుళాల అద్దానికి 300 దాటితే బొమ్మ పెద్దదవుతుంది గానీ వివరం పెరగదు. మన వాతావరణం చాలా రాత్రులు 200 దాటనివ్వదు. అడగాల్సింది అద్దం వెడల్పు. ఆ తర్వాత అడగాల్సింది స్టాండు. వణికే మూడుకాళ్ల మీద మంచి అద్దం కూడా దండగ. ఇంకో మోసం ఉంది. 114 మిల్లీమీటర్ల అద్దం, వెయ్యి మిల్లీమీటర్ల నాభ్యంతరం అని రాసి ఉంటుంది, గొట్టం చూస్తే అర మీటరే. న్యూటన్ అమరికలో గొట్టం పొడవు దాదాపు నాభ్యంతరమంత ఉండాలి. లేదంటే ఐపీస్ పట్టులో ఒక చిన్న లెన్సు ఇరికించి పొడవు పెంచారని అర్థం. చవకరకంలో అది బొమ్మను పాడుచేస్తుంది. పిల్లల పుట్టినరోజుకని అలాంటివి కొని, నాలుగు రోజులు మసక చూసి అటకెక్కించిన ఇళ్లు ఎన్నో చూశాను. ఆ పిల్లలకు ఆకాశం మీదే ఆసక్తి పోతుంది, నా బాధంతా అది. 130 లేదా 150 మిల్లీమీటర్ల డాబ్సోనియన్ అన్ని రకాలా నిలబడే ఎంపిక.

సూర్యుడి సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. గొట్టం ముందు మూతిని పూర్తిగా కప్పే సరైన సోలార్ ఫిల్టరు లేకుండా సూర్యుడి వైపు తిప్పకూడదు. ఐపీస్‌కు బిగించే చిన్న ఫిల్టరు వేడికి పగులుతుంది. కన్ను పోవడానికి క్షణం చాలు. పగలు పిల్లలు ముట్టుకోకుండా మూతపెట్టి లోపల ఉంచండి.

మేడ మీద మెలకువలు

రిఫ్లెక్టర్‌కు అద్దాల వరుస కుదరడం ముఖ్యం. స్కూటరు మీదో కారులోనో తీసుకెళ్తే కదులుతుంది. పెద్ద అద్దం నడిమిన చిన్న కాగితపు ఉంగరం అంటించి ఉంటుంది. ఐపీస్ చోట చిన్న బెజ్జం ఉన్న మూత పెట్టి చూస్తూ, ముందు ఏటవాలు అద్దం మరలు, తర్వాత అడుగున ఉన్న మూడు మరలు తిప్పుతూ ఆ ఉంగరాన్ని నడిమికి తేవాలి. మొదటిసారి గంట పడుతుంది, అలవాటైతే రెండు నిమిషాలు. ఈ పని చేయని టెలిస్కోపులో గురుడు మసకముద్ద, చేసినదాంట్లో చారలున్న బిళ్ల.

మన డాబాలకు ఒక ప్రత్యేక సమస్య. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి పదిదాకా వేడి కక్కుతుంది, ఆ సెగలో గ్రహాలు ఈదుతున్నట్టు కనిపిస్తాయి. సాయంత్రం నీళ్లు చల్లి ఉంచడమో, పెరట్లో మట్టినేల మీద పెట్టుకోవడమో మేలు. టెలిస్కోపును అరగంట ముందే బయటపెడితే అద్దం చల్లారి గాలితో సర్దుకుంటుంది. కళ్లకూ ఆ అరగంట కావాలి. ఫోన్ తెర ఒక్కసారి చూస్తే అంతా మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో మాట ముందే తెలుసుకుంటే నిరాశ ఉండదు. ఫొటోల్లోని ఎరుపు నీలం రంగులు కంటికి కనిపించవు. ఒరాయన్ నెబ్యులా బూడిదరంగు రెక్కలా ఉంటుంది. నేరుగా కాక కాస్త పక్కకు చూస్తే రెక్క ఇంకా విచ్చుకుంటుంది, దాని నడుమ నాలుగు నక్షత్రాలు చిన్న చతురస్రంలా గుచ్చుకుంటాయి. ఆ వెలుగు 1,350 ఏళ్లు నడిచి మీ కంటిలోకే వచ్చి ఆగింది. తెర మీద చూసే ఏ ఫొటో గురించీ ఆ మాట అనలేం.

కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా మనకు పండగే. కార్తీకంలో ఆండ్రోమెడా గెలాక్సీ నడినెత్తికి దగ్గరగా వస్తుంది, 25 లక్షల కాంతి సంవత్సరాల దూరం నుంచి. పల్లెల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికల్ని తక్కువ రెట్లతోనే చూడాలి, లేకపోతే గుంపు చట్రంలో పట్టదు. 2025 మార్చిలో శని వలయాలు మనకు అంచు చూపించి దాదాపు మాయమయ్యాయి. ఏడాదికేడాది విచ్చుకుంటూ 2032 నాటికి నిండుగా తెరుచుకుంటాయి. మనం భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి గ్రహాలు తల మీదుగానే నడుస్తాయి, గాలిపొర పలుచగా అడ్డొస్తుంది. యూరపు పరిశీలకులకు లేని వరం ఇది.

ఇంకో వరం దక్షిణాన ఉంది. ఒమేగా సెంటారీ అనే నక్షత్రగుచ్ఛంలో సుమారు కోటి నక్షత్రాలున్నాయి. ఇంగ్లండులో అది దిగంతం పైకి రానే రాదు. దక్షిణాకాశం లెక్క రాయడానికి సెయింట్ హెలెనా దీవికి వెళ్లిన ఎడ్మండ్ హేలీ 1677లో దాన్ని గుర్తించాడు. హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి అది పాతిక డిగ్రీల ఎత్తుదాకా లేస్తుంది. మే నెల రాత్రి తొమ్మిదిన్నర, పది గంటల వేళ సరిగ్గా దక్షిణం వైపు, ఊరి దీపాలకు ఎడంగా, అనంతగిరి గుట్టల్లోనో హార్స్‌లీ హిల్స్‌లోనో పెట్టుకుంటే కంటికే మసక చుక్కలా కనిపిస్తుంది. 120 రెట్లలో ఆ మసక గింజలు గింజలుగా విడిపోతుంది, అంచుల్లో ముందు, నడుమ తర్వాత. జూన్ రెండో వారానికి మబ్బులొచ్చేస్తాయి కాబట్టి చూడదలచినవాళ్లు మే అమావాస్యకు ముందే చోటు చూసుకుని, దక్షిణం వైపు చెట్లు, కొండలు అడ్డం లేవని పగలే నిర్ధారించుకోవాలి.